రేవు దాటే వస్తువు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి నుండి కదలకుండానే దూరదేశాల వారితో క్రయవిక్రయాలు జరిపే అవకాశం నేటి యువతకు లభించింది. పాత నాణేలు, తపాలా బిళ్లలు, తాళపత్రాలు, చేతివృత్తుల వస్తువులు అంతర్జాల వేలం ద్వారా విదేశీయుల చేతికి చేరుతున్నాయి. ఈ వ్యాపారంలో లాభం ఎంత ఉన్నదో ప్రమాదమూ అంత ఉన్నది. ఆ ప్రమాదాలను, వాటిని నివారించే మార్గాలను, చట్టం విధించిన హద్దులను తెలుగు తీరపు వర్తక చరిత్ర నేపథ్యంలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, కండలేరు సముద్రాన్ని చేరే చోట కృష్ణపట్నం రేవు ఉంది. చెన్నై నగరానికి ఉత్తరంగా ఇది సుమారు 180 కిలోమీటర్ల దూరం. 2008లో ప్రారంభమైన ఆధునిక నౌకాశ్రయం వల్ల ఈ పేరు అందరికీ పరిచితమైంది. బొగ్గు, వంటనూనెలు, ఎరువులు వంటి సరకులను మోసే మహానౌకలు ఇక్కడ లంగరు వేస్తాయి. అయితే ఈ రేవు నిన్న మొన్న పుట్టినది కాదు. 13వ శతాబ్ది నాటి శాసనాలలో ఇది కొల్లితురై అనీ, గండగోపాల పట్టణమనీ కనిపిస్తుంది. అది తెలుగు చోళులు నెల్లూరును ఏలిన కాలం. తిక్కన సోమయాజి భారతాన్ని తెనిగించిన కాలం. నానా దేశాల వర్తకులు ఈ రేవుకు వచ్చేవారు. తమ సరకుపై కొంత రుసుమును ఇక్కడి ఆలయానికి చెల్లించేందుకు వారు సమ్మతించారు.

తరువాతి కాలంలో శ్రీనాథ మహాకవి తన ‘హరవిలాసం’ కావ్యాన్ని అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చాడు. ఆ సెట్టి సింహవిక్రమ పట్టణ నివాసి. సింహవిక్రమ పట్టణమంటే నేటి నెల్లూరే. సింహళం నుండి ఏనుగులను, హురుమంజి నుండి గుర్రాలను, చీనా నుండి పట్టు వస్త్రాలను తెప్పించగలిగిన వర్తకునిగా కవి అతనిని కీర్తించాడు. ఒక వర్తకుడు కావ్యానికి కృతిపతి కావడాన్ని బట్టి ఆనాటి సముద్ర వ్యాపారానికి ఎంతటి గౌరవం ఉండేదో గ్రహించవచ్చు. ప్రాణానికి తెగించి సాగించే వ్యాపారం కనుకనే ఆ గౌరవం దానికి దక్కింది.

నేడు అదే జిల్లాలో ఒక విద్యార్థి తన ఇంటి అటక మీద తాతగారి ట్రంకుపెట్టెను చూశాడనుకుందాం. అందులో మూడు వస్తువులు దొరికాయి. ఒకటి, దారంతో కట్టిన తాళపత్రాల కట్ట. రెండవది, ఐదవ జార్జి చక్రవర్తి ముఖచిత్రంతో 1918 సంవత్సరం ముద్రితమైన వెండి రూపాయి. మూడవది, 1960, 1970 దశకాల నాటి భారతీయ తపాలా బిళ్లల సంపుటం. విద్యార్థి వాటి ఛాయాచిత్రాలను అంతర్జాల వేలంలో ఉంచుతాడు. మరునాటికే ఏ అమెరికా నుండో, ఏ ఐరోపా దేశం నుండో కొనుగోలుదారులు ధర పలుకుతారు. ఆ విద్యార్థి పొట్లం కృష్ణపట్నంలో ఓడ ఎక్కదు. అది సమీపంలోని తపాలా కార్యాలయం నుండి విదేశీ తపాలా విభాగానికి, అక్కడ కస్టమ్స్ తనిఖీ ముగిసిన పిదప విమానానికి చేరుతుంది. ప్రయాణ సాధనం మారింది. కాని వస్తువు ఒకసారి చేయి దాటిన తరువాత యజమాని దానిని కాపాడుకోలేడన్న సత్యం మాత్రం తిప్పయ సెట్టి నాటిదే. ఆ మూడు వస్తువులలో ఏది పంపదగినది, ఏది పంపరానిది, పంపదలచినచో ఎట్లా పంపాలి అన్నవి విద్యార్థి ముందుగా తెలుసుకోవలసిన విషయాలు.

పూర్వం సముద్ర వర్తకుని బాధించిన ప్రమాదాలు రెండు విధాలు. మొదటిది ప్రకృతి వల్ల, రెండవది మనుష్యుల వల్ల. తుపానుకు చిక్కి ఓడ పగిలితే సరకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చేది. ఆ తీరాన్ని పాలించే రాజు ఆ సరకునంతా తనదిగా స్వాధీనం చేసుకొనేవాడు. సముద్రం వదిలినదానిని నేల మింగేది. ఈ దురాచారాన్ని కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మాన్పించాడు. కృష్ణపట్నానికి ఉత్తరంగా, ఇదే తీరాన ఉన్న మోటుపల్లి రేవులో ఆయన క్రీ.శ. 1244–45లో ఒక అభయ శాసనాన్ని వేయించాడు. పూర్వపు రాజులు పగిలిన ఓడల నుండి ఏనుగులను, గుర్రాలను, రత్నాలను అపహరించేవారనీ, ప్రాణం కంటె ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి సాహసించే వర్తకుల వద్ద తాము నియమిత సుంకం తప్ప మరేమీ గ్రహించబోమనీ ఆ శాసనం తెలుపుతుంది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు మొదలైన సరకుల వివరాలు కూడ అందులో ఉన్నాయి. తుపానును ఆపలేని రాజు మనిషి అత్యాశను ఆపగలిగాడు. రెడ్డిరాజుల కాలంలో అనపోతారెడ్డి క్రీ.శ. 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయం ఇచ్చాడు.

ఈ శాసనం నేటి విద్యార్థికి కూడ ఒక పాఠం చెప్పగలదు. దూరదేశ వ్యాపారం మాట మీద మాత్రమే నిలువదు. చెల్లించవలసినది ఎంతో ముందే తెలియాలి. ఇచ్చిన మాట రాతలో ఉండాలి. గణపతిదేవుడు ఆ రాతను రాతి మీద చెక్కించాడు. నేడు అది కాగితం మీద, కంప్యూటరులో ఉంటున్నది. రాతలో అసత్యం చేరితే మాత్రం ఏ కాలంలోనైనా రక్షణ తొలగిపోతుంది.

వేలంలో కొన్న అపురూప వస్తువు సముద్రం పాలైన వృత్తాంతం ఒకటి ప్రపంచ ప్రసిద్ధం. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ ద్వారా తెలుగువారికి పరిచితమైన ఉమర్ ఖయ్యాం రుబాయీలకు లండన్‌లోని ఒక ప్రసిద్ధ గ్రంథబంధన సంస్థ అపూర్వమైన అట్టను తయారుచేసింది. నెమళ్ల చిత్రాలతో, వేయికి పైగా రత్నాలతో ఆ అట్ట అలంకృతమైంది. 1912 మార్చి 29న లండన్‌లో జరిగిన వేలంలో ఒక అమెరికా వ్యాపారి దానిని 405 పౌండ్లకు కొన్నాడు. పుస్తకాన్ని అమెరికాకు పంపడానికి ఎంచుకొన్న ఓడ టైటానిక్. ఆ ఏడాది ఏప్రిల్ 15న ఓడతో పాటు గ్రంథం కూడ అట్లాంటిక్ గర్భంలో కలిసిపోయింది. పుస్తకం ఖరీదు చెల్లించవచ్చు. ఆ పుస్తకాన్ని మళ్లీ ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. సేకరణ వస్తువుకూ సాధారణ సరకుకూ ఉన్న భేదం ఇదే. ధాన్యపు బస్తా పోతే మరో బస్తా పంపవచ్చు. తాతగారి తాళపత్రం పోతే ఆ స్థానంలో పెట్టగలిగినది ఏదీ లేదు.

అంతర్జాల వేలానికి విశేష ప్రాచుర్యం తెచ్చిన సంస్థ ఈబే. దీనిని అమెరికాలో పియరీ ఒమిడ్యార్ 1995లో ‘ఆక్షన్ వెబ్’ పేరుతో స్థాపించాడు. అందులో అమ్ముడుపోయిన మొదటి వస్తువు చెడిపోయిన ఒక లేజర్ పాయింటరు. దానికి 14.83 డాలర్లు లభించాయి. చెడిపోయినదని తెలిసే సేకరణకర్త ఒకడు దానిని కొన్నాడు. అమ్మినవాడు వస్తువు లోపాన్ని దాచలేదు కనుక వివాదం రాలేదు. ఈబే 2004లో బాజీ అనే సంస్థను కొని భారతదేశంలో ప్రవేశించింది. 2018లో దాని భారతీయ వేదిక మూతపడినా, ఇక్కడి విక్రేతలు విదేశీ వేదికలపై అమ్మకాలు సాగిస్తూనే ఉన్నారు.

ఇక నేటి ప్రమాదాలలో మొదటిది మార్గమధ్యంలో కలిగే నష్టం. సేకరణ వస్తువు విలువ దాని స్థితిని బట్టి ఉంటుంది. తపాలా బిళ్ల మీద ఒక మడత పడినా, అంచున ఒక పన్ను విరిగినా ధర తగ్గిపోతుంది. తెల్ల పొణికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మ తేలికైనది. ఒత్తిడికి దాని చేయి విరగవచ్చు. కలంకారీ వస్త్రానికి తేమ శత్రువు. తీరప్రాంతపు గాలిలో తేమ, ఉప్పు అధికం కనుక వస్తువును ముందుగా ఆరబెట్టి, తేమ చొరని సంచిలో ఉంచి, దళసరి అట్టల నడుమ కదలకుండా అమర్చి, దానిని మరొక గట్టి పెట్టెలో పెట్టడం మంచిది. పెట్టెను ఊపితే లోపల చప్పుడు రాకూడదు. ప్యాకింగు జరిగే ప్రతి దశను ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవాలి. విలువైన వస్తువుకు బీమా తప్పనిసరి. బీమా లేని పొట్లం పోతే లభించే పరిహారానికీ వస్తువు విలువకూ పొంతన ఉండదు. నాణేలు, కరెన్సీ నోట్లు, బంగారం, వెండి, రత్నాలు బీమా లేని సాధారణ టపాలో పంపరాదని అంతర్జాతీయ తపాలా ఒడంబడిక నిషేధించిందన్న సంగతి చాలమందికి తెలియదు.

రెండవ ప్రమాదం మోసం. వేలంలో అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. కార్డు ద్వారా సొమ్ము చెల్లించిన వ్యక్తి, వస్తువు అందలేదని గాని, వర్ణించినట్లు లేదని గాని ఫిర్యాదు చేస్తే ఆ సొమ్ము విక్రేత ఖాతా నుండి వెనక్కి పోవచ్చు. అసలు వస్తువును తన వద్ద ఉంచుకొని, అదే రకపు నాసి వస్తువును తిప్పి పంపే మోసగాళ్లు ఉన్నారు. వేలం ముగిసిన తరువాత మరొక చిరునామాకు పంపమని కోరేవారు కొందరు. ధర కంటె ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలినది తమకు తిరిగి ఇమ్మని అడిగేవారు ఇంకొందరు. ఆ చెక్కు చెల్లదని బ్యాంకు తెలిపేసరికి విక్రేత చేతి డబ్బు పోయి ఉంటుంది. జాడ తెలిసే విధానంలో, సంతకం తీసుకొని అందించే పద్ధతిలో పంపడం, వేదికలో నమోదైన చిరునామాకే పంపడం, సంభాషణలన్నీ ఆ వేదిక ద్వారానే జరపడం విక్రేతకు రక్షణ కల్పిస్తాయి. వస్తువు బరువును, కొలతలను, దాని మీది ప్రత్యేక గుర్తులను ముందే నమోదు చేసి ఉంచితే మారు వస్తువు వచ్చినప్పుడు నిరూపించవచ్చు.

మూడవ ప్రమాదం స్నేహం ముసుగులో వస్తుంది. “విలువ తక్కువ రాయండి, బహుమతి అని రాయండి, నాకు సుంకం తగ్గుతుంది” అని కొనుగోలుదారు మృదువుగా కోరతాడు. అమ్మకం చేజారుతుందేమో అని విక్రేత అంగీకరిస్తాడు. నిజానికి సుంకం మిగిలేది కొనుగోలుదారుకు. సంతకం చేసేది విక్రేత. ఇందులో నష్టం మూడు విధాలు. ఒకటి, కస్టమ్స్ పత్రంలో అసత్యం రాయడం నేరం. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం సరకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. రెండు, ఇరవై వేల రూపాయల వస్తువుకు వేయి రూపాయలని రాస్తే, అది పోయిన నాడు బీమా ఆ వేయి రూపాయలనే లెక్కలోకి తీసుకొంటుంది. మూడు, వివాదం వచ్చినప్పుడు విక్రేత సంతకమే విక్రేతకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. అసత్యం కోరిన కొనుగోలుదారు ఆ వేళ పక్కన నిలువడు.

గమ్యదేశపు సుంకాలు నాలుగవ చిక్కు. ఇవి తరచుగా మారుతుంటాయి. ఐరోపా సమాఖ్య చిన్న పొట్లాలకు ఇచ్చిన విలువ ఆధారిత పన్ను మినహాయింపును 2021 జులై 1 నుండి రద్దు చేసింది. 800 డాలర్ల లోపు విలువ గల పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుండి నిలిపివేసింది. సుంకం ఎవరు, ఎట్లా వసూలు చేయాలో స్పష్టత లేక భారత తపాలా శాఖ ఆ నెల 25 నుండి అమెరికాకు చాలవరకు పొట్లాల స్వీకరణను ఆపి, అక్టోబరు 15న పునరుద్ధరించింది. ఆ మధ్యకాలంలో వస్తువు అమ్మినవారు కొనుగోలుదారుకు ఏమని సమాధానం చెప్పాలో తెలియక ఇబ్బంది పడవలసి వచ్చింది. సుంకం ఎవరు చెల్లించాలో అమ్మకానికి ముందే రాసుకోకపోతే, కొనుగోలుదారు పొట్లాన్ని నిరాకరించవచ్చు. అప్పుడు తిరుగు రవాణా ఖర్చు విక్రేత నెత్తిన పడుతుంది. సుంకాన్ని నిర్దిష్టంగా ప్రకటించిన గణపతిదేవుని దూరదృష్టి ఇటువంటి సందర్భంలో అర్థమవుతుంది.

ఈ నాలుగింటి కంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. ఆ వస్తువు అసలు దేశం దాటవచ్చునా? 1972లో భారత పార్లమెంటు పురావస్తువులు, కళానిధుల చట్టాన్ని చేసింది. ఇది 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. నూరు సంవత్సరాలు నిండిన శిల్పం, చిత్రం, నాణెం, చేతిపనితనపు వస్తువు మొదలైనవి పురావస్తువులు. శాస్త్రీయ, చారిత్రక, సాహిత్య విలువ కలిగిన రాతప్రతులకు, పత్రాలకు ఆ గడువు డెబ్బయి ఐదు సంవత్సరాలే. వీటిని కేంద్ర ప్రభుత్వం గాని, దాని అనుమతి పొందిన సంస్థ గాని తప్ప మరెవ్వరూ ఎగుమతి చేయరాదు. ఉల్లంఘించిన వారికి ఆరు నెలలకు తగ్గకుండా మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష, జరిమానా విధిస్తారు. తెలియక చేశానని చెప్పినంత మాత్రాన వస్తువు తిరిగి రాదు.

ఇప్పుడు విద్యార్థి ట్రంకుపెట్టెను మళ్లీ తెరిచి చూడాలి. తాళపత్రాల కట్ట డెబ్బయి ఐదేళ్లు దాటిన రాతప్రతి అయితే అది దేశం దాటరాదు. దానిని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట చూపిస్తే అందులో ఉన్నది వైద్యమో, జ్యోతిషమో, ఇంతవరకు అచ్చు కాని కావ్యమో తెలుస్తుంది. వెండి రూపాయి 1918 నాటిది. 2018తో దానికి నూరేళ్లు నిండాయి. అంతకు ముందు ఈ చట్టం దృష్టిలో అది పాత నాణెం మాత్రమే. ఇప్పుడు అది పురావస్తువు. ఈ హద్దు ఏటేటా ముందుకు జరుగుతూ ఉంటుంది. నిన్న పురావస్తువు కానిది నేడు పురావస్తువు కావచ్చు. 1930 నాటి వస్తువు 2030లో ఆ కోవలోకి వస్తుంది. తపాలా బిళ్లల సంపుటం మాత్రం గడువుకు లోబడినదే. దానిని సక్రమ మార్గంలో పంపవచ్చు. వయస్సుపై సందేహం కలిగితే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిపుణులకు చూపి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పొందిన తరువాతనే పంపాలి.

మట్టిలో దొరికిన వస్తువుల విషయంలో నెల్లూరు సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. 18వ శతాబ్ది చివరి భాగంలో నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. అది ఒక చిన్న గుడి శిథిలం. దాని అడుగున చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు కనిపించాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి ఆ నాణేలు రెండవ శతాబ్దంలో మన తీరానికి రోమ్ నగరంతో ఉన్న వర్తక సంబంధాలకు సాక్ష్యాలు. రైతు వాటిని పాత బంగారంగా అమ్మివేశాడు. చాల నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుటుంబీకుడొకరు ముప్పయికి పైగా నాణేలను సంపాదించడం వల్ల మాత్రమే ఆ విషయం చరిత్రకు ఎక్కింది. రైతుకు బంగారం విలువ దక్కింది. నాణెం చెప్పగల కథ చాలవరకు దక్కకుండా పోయింది. తరువాత 1878లో వచ్చిన నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలి.

మూలం తెలియని వస్తువు కొన్నవారిని కూడ ముంచుతుంది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ తీరాన చందవరం బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడి ప్రదర్శనశాల నుండి 2000–2001 ప్రాంతంలో శిల్పాలు అపహరణకు గురయ్యాయి. బుద్ధుని ఆరాధకులను చూపే మూడవ శతాబ్ది నాటి సున్నపురాతి శిల్పం ఒకటి చేతులు మారి న్యూయార్క్ చేరింది. ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం 2005లో దానిని కొన్నది. శిల్పం చందవరం నుండి దొంగిలించినదని తేలడంతో 2016లో భారతదేశానికి అప్పగించింది. కొన్నవారికి శిల్పం మిగలలేదు. ఇన్నేళ్లు చందవరానికీ శిల్పం లేదు. లాభపడినవాడు మధ్యలో పత్రాలు కల్పించినవాడే. అంతకు పూర్వం 1859లో అమరావతి శిల్పాలు 121 ఓడపై లండన్‌కు తరలాయి. అక్కడ చాలకాలం నిర్లక్ష్యానికి గురై, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. కృష్ణాతీరపు శిల్పాలను చూడాలంటే తెలుగు విద్యార్థి నేటికీ థేమ్సు తీరానికి పోవలసి ఉంది.

వస్తువు కొత్తదైనా తయారీలో వాడిన ముడిపదార్థం నిషిద్ధం కావచ్చు. ఏనుగు దంతం వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. శేషాచలం, వెలిగొండ అడవుల్లో పెరిగే ఎర్రచందనం ఎగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. దానితో చేసిన చిన్న బొమ్మను కూడ విచారించకుండా పంపరాదు. సముద్ర తీరాన ఏరుకొన్న గవ్వలలో, శంఖాలలో కొన్ని జాతులు, పగడపు దిబ్బల ముక్కలు 2001 నుండి రక్షిత జాబితాలో ఉన్నాయి.

ఇన్ని ప్రమాదాలు ఉన్నవని విదేశీ వ్యాపారాన్ని మానుకోనవసరం లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు, నెల్లూరు జిల్లాలోనే తయారయ్యే ఉదయగిరి చెక్క గరిటెలు ప్రపంచంలో ఎక్కడికైనా సగర్వంగా పంపదగినవి. వాటిని చేసిన కళాకారుని పేరు, ఊరు, తయారైన సంవత్సరం రాసి జతపరిస్తే విలువ పెరుగుతుంది. వ్యాపారంగా ఎగుమతి చేయదలచిన వారు ఎగుమతి దిగుమతి కోడ్ సంఖ్యను పొందాలి. తపాలా ద్వారా ఎగుమతి చేసేవారి సౌకర్యం కోసం 2022 నుండి ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు’ పనిచేస్తున్నాయి. ఎగుమతి పత్రాన్ని అక్కడ కంప్యూటరు ద్వారానే దాఖలు చేయవచ్చు. సొమ్మును బ్యాంకు మార్గంలోనే స్వీకరించాలి.

తిప్పయ సెట్టి ఓడలకు దిక్కు చూపినవి నక్షత్రాలు; అతని తరువాతి తరాల వర్తకులకు దీపస్తంభాలు. నేటి విక్రేత పొట్లం ఎక్కడ ఉన్నదో చేతిలోని ఫోను చెబుతుంది. అయినా వస్తువును చివరకు కాపాడేది దాని గురించి రాసిన సత్యమే. అది ఏమిటి, ఎప్పటిది, ఎక్కడిది, ఎంతకు అమ్మినది, ఏ లోపం ఉన్నది అన్న ఐదు ప్రశ్నలకు నిస్సంకోచంగా సమాధానం రాయగలిగిన వస్తువునే పంపాలి. ఆ ఐదింటిలో ఒక్కదానికైనా సమాధానం దాచవలసి వస్తే ఆ వస్తువును అమ్మకపోవడమే మేలు. వస్తువుతో పాటు దాని నిజమైన వివరమూ ప్రయాణించాలి. అప్పుడు అమ్మినవానికి ధనం, కొన్నవానికి ఆనందం, దేశానికి గౌరవం దక్కుతాయి.

కఠిన పదాలకు అర్థాలు

క్రయవిక్రయాలు = కొనడం, అమ్మడం
కృతిపతి = కావ్యాన్ని అంకితంగా పొందినవాడు
అభయం = భయం లేదన్న హామీ
సుంకం = సరకుపై ప్రభుత్వం వసూలు చేసే పన్ను
అపహరణ = దొంగతనం
గ్రంథబంధనం = పుస్తకానికి అట్ట కట్టడం
ఒడంబడిక = ఒప్పందం
నిక్షేపం = భూమిలో దాచిన ధనం
నాసి = తక్కువ రకం
గమ్యం = చేరవలసిన చోటు
ఉల్లంఘన = నియమాన్ని మీరడం
ఆంక్ష = నిర్బంధం, అడ్డు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అంతర్జాల వేలం ద్వారా విదేశాలకు వస్తువులు పంపేవారికి ఎదురయ్యే ప్రమాదాలను వివరించండి.
2. మోటుపల్లి అభయ శాసనంలోని విశేషాలను తెలిపి, అవి నేటి వ్యాపారానికి ఎట్లా వర్తిస్తాయో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 8 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వస్తువు విలువను తక్కువగా రాయడం వల్ల విక్రేతకు కలిగే నష్టాలేవి?
2. ట్రంకుపెట్టెలోని మూడు వస్తువులలో ఏవి పంపరానివి? ఎందుకు?
3. చందవరం శిల్పం కథ వల్ల తెలుసుకోదగిన నీతి ఏమిటి?
4. నెల్లూరు సమీపంలో రోమన్ నాణేలు దొరికిన వృత్తాంతాన్ని రాయండి.

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. తుపానును ఆపలేని రాజు మనిషి అత్యాశను ఆపగలిగాడు.
2. నిన్న పురావస్తువు కానిది నేడు పురావస్తువు కావచ్చు.
3. వస్తువుతో పాటు దాని నిజమైన వివరమూ ప్రయాణించాలి.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘హరవిలాసం’ కృతిపతి ఎవరు?
2. మోటుపల్లి శాసనం ప్రకారం ఎగుమతి దిగుమతులపై సుంకం ఎంత?
3. రాతప్రతులను ఎన్ని సంవత్సరాల తరువాత పురావస్తువులుగా పరిగణిస్తారు?
4. రుబాయీల అపురూప ప్రతి ఏ ఓడతో పాటు మునిగిపోయింది?

V. ఈ క్రింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
నౌకాశ్రయం, అత్యాశ, దురాచారం, సముద్రయానానికి సాహసించి + ఓడ, ఏమని

VI. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని ఉన్న ఒక పాత వస్తువును ఎంచుకోండి. అది ఏమిటి, ఎప్పటిది, ఎక్కడిది, ఎవరి చేతుల మీదుగా వచ్చినది, దానిలో ఉన్న లోపాలేవి అన్న వివరాలను పెద్దలనడిగి ఒక పుటలో రాయండి.